ఆపడం తెలిసిన రొద

హైదరాబాద్ డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ 2016లో, 2018లో రెండు చిన్న రికార్డులు తెచ్చి, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి ఆల్బమ్ విడుదల చేసింది. మన సంగీత చర్చల్లో దాని ఊసు అరుదు. వినిపిస్తే ‘అదంతా గోల’ అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. గోలే, కాదనను. అయితే రొదలో పనితనం ఎంత మోగిందన్న దాంట్లో లేదు, ఎక్కడ ఆగిందన్న దాంట్లో ఉంది. డిస్టార్షన్ వేసిన గిటార్ తీగను ఒకసారి మీటితే ఆ మోత ఓ పట్టాన తగ్గదు. అందుకే వాయించేవాళ్లు అరచేతి అంచు తీగల మీద ఆనించి ఒక్కో దెబ్బనూ తుంచుతారు. కడియం నర్సరీల్లో కత్తెర పట్టిన చేతికి ఉండే లెక్కే అది. డ్రమ్మర్ రెండు కాళ్లతో ఎంత వేగం అందుకున్నా, ఆ తుంపుల దగ్గర గిటార్‌తో కలిసి ఆగకపోతే పాట కూలిపోతుంది.

ఈ సంగీతం మనది కాదనేవాళ్లు ద్రాక్షారామం వైపు వీరనాట్యాన్ని తలుచుకోవాలి. ఖడ్గం అనే స్తుతి పాఠం చదివేటప్పుడు వాద్యాలు వెనక్కి తగ్గుతాయి. శరభ అన్న కేక పడగానే వీరణాలు విరుచుకుపడతాయి. ఆ మోతకు బలం ముందున్న విరామమే. అక్కడ దేవుడున్నాడు, ఇక్కడేముందని అడగొచ్చు. భక్తి జనాన్ని రప్పిస్తుంది గానీ తప్పిన తాళాన్ని సరిదిద్దదు. మెటల్ గాయకుడి గాండ్రింపులో మాట తెలియదంటారా? ఖడ్గంలో ప్రతి మాటా తెలిసే జనం ఊగుతున్నారా?

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: ఎక్కడా ఆగని రొద సంగతేమిటి? అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ 1975లో తెచ్చిన ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’లో పాట లేదు, తాళం లేదు, రెండు ఎల్పీల నిండా గిటార్ ఫీడ్‌బ్యాకే. నాలుగో వైపు చివర గాడి గుండ్రంగా మూసుకుంటుంది. ముల్లు ఎత్తేదాకా అదే శబ్దం తిరుగుతూనే ఉంటుంది. నా వాదనకిది ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ ఆపే పని వినేవాళ్లకు వదిలిన రికార్డు అది. ఆగడం గురించి ఆలోచించనివాడికి ఆ గాడి అవసరమే తోచదు. పైగా 2002లో జైట్‌క్రాట్సర్ అనే బృందం ఆ రొదను స్వరలిపిలో రాసుకుని, మామూలు వాద్యాలతో బెర్లిన్‌లో వాయించింది. చెవికి పట్టు దొరికే పోగులేవీ లేకపోతే రాసుకోవడం కుదిరేది కాదు.

‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అందరికీ నచ్చాలని లేదు. కానీ బాగా లేదని తేల్చాలంటే ‘గోల’ అంటే చాలదు. ఆగాల్సిన చోట ఎక్కడ ఆగలేదో చూపించాలి.