చెవితో విని, వేలితో కొలిచి

తిరిగే మోటారులో బేరింగు పాడవుతోందని అనుమానం వస్తే, చెయ్యి తిరిగిన ఫిట్టరు పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను బేరింగు పెట్టె మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటాడు. లోపల గరగరలాడుతోందా, టకటకమని కొట్టుకుంటోందా అన్నదాన్ని బట్టి జబ్బు పోల్చుకుంటాడు. తర్వాత పెట్టె మీద అరచెయ్యి వేసి వేడి చూస్తాడు. ఈ పరీక్షలో కంటికి పెద్దగా పని లేదు.

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ తర్వాత ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఇక్కడికి పనికి వచ్చి, ఇలాంటి విద్యలు నేర్చుకుని ఇక్కడే స్థిరపడ్డారు. సెక్టర్ 6 క్వార్టర్లలో రిటైరైన పెద్దల దగ్గర ఆ విద్య ఇంకా ఉంది. కానీ ఇంట్లో చూపు లేని కొడుకో, చెల్లెలో ఉంటే మాత్రం కుళాయి కారినా, సైకిలు పంక్చరైనా "నువ్వు కూర్చో అమ్మా, దెబ్బ తగులుతుంది" అంటాం. ఆ మాట ప్రేమతో అన్నదే, కానీ తప్పు. పనిముట్లు వాళ్ళ చేతికివ్వాలి. పద్ధతి తెలిస్తే మరమ్మతుల్లో చాలా భాగం చేతికీ, చెవికీ, ముక్కుకూ లొంగుతుంది.

అమరికే సగం పని

చూపు లేనివారి మరమ్మతులో మొదటి పాఠం అమరిక. ప్రతి పనిముట్టుకీ ఒక చోటు ఉండాలి, వాడగానే అక్కడికే చేరాలి. ఇంట్లో మరొకరు సుత్తి తీసుకుని ఇంకెక్కడో పెడితే, ఆ పూట పని ఆగిపోయినట్టే. విప్పే పని అంచులున్న పళ్ళెంలో చెయ్యాలి, జారిన మర దొర్లిపోకుండా ఉంటుంది. విప్పిన భాగాలకు పాత ఇడ్లీ రేకు చక్కగా పనికొస్తుంది. మొదట విప్పింది మొదటి గుంటలో, తర్వాతది రెండో గుంటలో వేసుకుంటూ పోయి, బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి వస్తే ఏ వాషరూ మిగలదు, ఏ నట్టూ తారుమారు కాదు.

రెండో పాఠం కొలత. అమెరికాలో అంధుల శిక్షణ కేంద్రాలు నడిపే వడ్రంగి తరగతుల్లో క్లిక్ రూలర్ అనే సాధనం వాడతారు. గొట్టంలో మరలున్న కడ్డీ అంగుళంలో పదహారో వంతు జరిగిన ప్రతిసారీ టిక్కుమంటుంది. దాంతో కొలిచి, అంధులైన విద్యార్థులే యంత్రపు రంపం మీద చెక్క కోస్తారు. అంత సాధనం దొరకకపోయినా బాధ లేదు. మామూలు ఆరు మిల్లీమీటర్ల బోల్టు మీద నట్టును ఒక పూర్తి చుట్టు తిప్పితే అది సరిగ్గా ఒక మిల్లీమీటరు జరుగుతుంది, సగం చుట్టుకు అర మిల్లీమీటరు. నట్టు మూలన ఆకురాయితో ఒక గాటు పెట్టుకుంటే చుట్లు వేలికే తెలుస్తాయి. పదిహేను రూపాయల సరుకుతో కొలబద్ద తయారైనట్టే.

కరెంటు, నీళ్ళు

ఎక్కువ భయపెట్టేది కరెంటు. అందుకే ఇక్కడ నియమాలు గట్టిగా ఉండాలి. మన గోడ స్విచ్చి కిందికి నొక్కితే ఆన్, ఎంసీబీ మీట మాత్రం పైకి ఉంటే ఆన్. ఈ తేడా మొదటి రోజే వేలికి అలవాటు చెయ్యాలి. బల్బు వెలిగే టెస్టరు చూపు లేనివారికి పనికిరాదు, బీప్‌మనే టెస్టరు కావాలి. ముందు దాన్ని కరెంటున్న చోట మోగించి, అది పనిచేస్తోందని తేల్చుకోవాలి. తర్వాత ఎంసీబీ దించి, పని చెయ్యబోయే చోట మోగడం లేదని చూసుకోవాలి. మళ్ళీ ఒకసారి కరెంటున్న చోట మోగించి చూశాకే తీగ ముట్టుకోవాలి.

ఇస్త్రీపెట్టె ప్లగ్గు మార్చడం నేర్చుకోవడానికి మంచి మొదటి పని. గోడ నుంచి తీసేశాక దానిలో కరెంటు ఉండదు. మూడు పిన్నుల్లో లావుగా, పొడుగ్గా ఉన్నది ఎర్తు, అది తడిమితేనే తెలుస్తుంది. తీగల రంగులు కనబడవు కాబట్టి, పాత ప్లగ్గు నుంచి తీగలు విప్పే ముందే ఎర్తు తీగకు ఒక చుట్టు, ఫేజుకు రెండు చుట్లు టేపు వెయ్యాలి. బిగించాక మల్టీమీటరును బజరు మీద పెట్టి, ఒక కొసను పెద్ద పిన్నుకూ, రెండోదాన్ని పెట్టె అడుగున లోహానికీ తాకించాలి. మోగితే ఎర్తు కలిసినట్టు. మిగతా రెండు పిన్నులకు తాకిస్తే మోగకూడదు. చూపున్న వాళ్ళలో ఎంతమంది ఈ పరీక్ష చేస్తున్నారు?

నీళ్ళ పని ఇంకా సులువు. వాల్వు కట్టి, కుళాయి విప్పి, వాషరును బొటనవేలితో రుద్దితే అరుగుదల గుంటలా తగులుతుంది. టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కుకే చుట్టాలి. బిగించాక కీలు చుట్టూ పొడి కాగితం తిప్పితే, కంటికి ఆనని చెమ్మ కూడా కాగితానికి అంటుకుంటుంది.

సైకిలు, స్కూటరు

పంక్చరు వెయ్యడానికి చూపు అక్కర్లేదు. ట్యూబులో గాలి కొట్టి పెదవుల దగ్గర నెమ్మదిగా తిప్పితే సన్నని గాలి చల్లగా తగులుతుంది. దొరికిన చోట టేపు ముక్క అంటించాలి. టైరు లోపల వేలు పెట్టి వెతకకూడదు, గుడ్డతో తుడవాలి. మేకు ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. సొల్యూషన్ రాసి, అది ఆరి అంటుకునే పాకానికి వచ్చిందో లేదో వేలి కణుపుతో చూసి, అప్పుడు ప్యాచి వెయ్యాలి.

స్కూటరు పని ఇంజను చల్లారాకే. స్పార్కు ప్లగ్గును ముందు వేళ్ళతో ఎడమకు తిప్పితే మర మరలో కూర్చున్నప్పుడు చిన్న టిక్కు తెలుస్తుంది. అక్కడ నుంచి కుడికి నాలుగు చుట్లు తేలిగ్గా తిరిగాకే పానా పట్టాలి. ఆయిలు పుల్ల మీద గీతల దగ్గర ఆకురాయితో గాట్లు పెడితే మట్టం వేలికి దొరుకుతుంది. ఆయిలును రెండు వేళ్ళ మధ్య నలిపితే రజను తగులుతుంది, మాడిన వాసన ముక్కుకే తెలుస్తుంది. టైరు గాడుల అడుగున తయారీదారులే అడ్డంగా చిన్న గట్లు పెడతారు. పై రబ్బరు ఆ గట్లతో సమమైతే టైరు మార్చాలి. బ్రేకు పని చేశాక, బండి నడిపే మనిషి ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూసి తీరాలి. ఎవరు చేసిన పనికైనా ఇదే నియమం.

ఎందుకు నేర్పాలి

ఐదేళ్ళ వయసులో చూపు పోగొట్టుకున్న రాల్ఫ్ టీటర్ 1912లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు లక్షల కార్లలో ఉన్న క్రూయిజ్ కంట్రోల్‌కు మూలమైన పేటెంటు 1950లో ఆయన పేరునే వచ్చింది. మన మచిలీపట్నం ప్రాంతం నుంచి వచ్చిన, చూపు లేని బొల్లా శ్రీకాంత్‌ను పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వలేదు. కోర్టుకు వెళ్ళి సీటు సాధించుకుని, ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. టీటర్‌కు చిన్నప్పుడే ఇంటివాళ్ళ వర్క్‌షాపు తలుపు తెరిచి ఉంది, శ్రీకాంత్ ఆ తలుపు కోసం పోరాడాల్సి వచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ లోటు లేదు.

ఇంట్లో ఒక కుళాయి బాగుచేసిన పిల్లాడికి మిగిలేది ప్లంబరు కూలి ఒక్కటే కాదు. ఇంట్లో తన మాటకు విలువ పెరుగుతుంది, అద్దె గదిలో ఒంటరిగా ఉండగలనన్న ధైర్యం వస్తుంది.

భిలాయిలో ఈ పని మొదలుపెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. రిటైరైన ఫిట్టర్లూ, ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు, వాళ్ళ పెట్టెల్లో పనిముట్లున్నాయి. తెలుగు సంఘాలు నెలకొక ఆదివారం ఒక గది తెరిచి, చూపు లేని పిల్లలనూ పెద్దలనూ పిలిస్తే చాలు. బేరింగును చెవితో పరీక్షించిన పెద్దలారా, ఆ విద్య నేర్చుకోవడానికి వీళ్ళకంటే తగిన శిష్యులు మీకు దొరకరు. ముందుగా వాళ్ళ చేతికి పానా ఇవ్వండి.