పోగమ్మా, పురెక్కి రా

పోగమ్మా! పత్తికాయ పొత్తిళ్లలో పవళించిన పాపా, కదురు కొనమీద కళ్లు తెరిచిన కన్నె వెలుగా! ఊపిరి సోకితే ఎగిరిపోయే దూదివి నువ్వు, ఉప్పుగాలికి ఎదురొడ్డే తెరచాపవి నువ్వు. దేవుడి ముందు వత్తివి, పెళ్లికూతురి మెడలో పసుపుతాడువి, పసివాడి నడుముకు మొలతాడువి, తాతయ్య భుజాన కండువావి. విష్ణుమూర్తి నాభికమలపు తూడులోంచి నిన్ను దేవలుడు తెచ్చాడని దేవాంగులు చెబుతారు. తామర నారతో భావనాఋషి దేవతలకు బట్టలు నేశాడని పద్మశాలీలు చెబుతారు. ఎవరి కథ వారికి ముద్దు. నాకు మాత్రం శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఒక వసారా, వసారాలో ఒక రాట్నం, రాట్నం ముందు ఒక అమ్మ చాలు. నీ పుట్టుక చూడ్డానికి వైకుంఠం దాకా పోనక్కర్లేదు.

ముందు నీకు తల దువ్వుతారక్కడ. దేనితోనంటే, వాలుగ చేప దవడతో! నెలవంకలా వంగిన ఎముక, దాని నిండా వరసలు వరసలుగా కంటికి ఆనీ ఆనని పళ్లు. గింజను వదలని కొండపత్తిని ఆ పళ్లమీద మెల్లగా, మళ్లీ మళ్లీ లాగుతుంటే నలక రాలుతుంది, నుసి రాలుతుంది, చిక్కు విడుతుంది, పోచ పక్కన పోచ బుద్ధిగా సర్దుకుంటుంది. ఎక్కడి ఏరు, ఎక్కడి చేను! ఏటి లోతుల్లో ఈదిన చేప నోరు, మెట్టచేలో ఎండిన పత్తికి సేవ చేస్తోంది. ఉక్కు దువ్వెనలు లోకంలో ఎన్ని పుట్టలేదు? అయినా ఆ ఇళ్ల ఆడవాళ్లు ఈ ఎముకను విడిచిపెట్టలేదు. మృదువైనదాన్ని మృదువుగా దువ్వాలంటే ప్రాణం ఉన్నదాని పన్నే కావాలని వాళ్ల చేతులకు ఎవరు చెప్పారో!

ఆపైన చెక్కపలక మీద సన్నని ఇనుపకడ్డీ దొర్లితే గింజ పక్కకు తప్పుకుంటుంది. వింటి నారి ఝుమ్మంటే దూది పొంగుతుంది, పొంగి తేలుతుంది, తేలి మబ్బవుతుంది. ఆ మబ్బును ఏకులుగా చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటిదవ్వలో దాచిపెడతారు. ఏకులా వచ్చి మేకులా బిగిశాడని ఎవరినో దెప్పిపొడుస్తుంటాం గానీ, పాపం, ఏకు ఎవరికి ఏం కీడు చేసిందని? ఏకులా వచ్చి చీరైనదానివి నువ్వు, ధోవతివైనదానివి నువ్వు.

ఇక ఆమె రాట్నం ముందు కూర్చుంటుంది. కుడిచేయి చక్రం మీద, ఎడమచేతిలో ఏకు. పట్టుకుందనడం కూడా ఎక్కువే, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నిన్ను ఊరికే ఉండనిస్తుంది. చక్రం రుంయ్‌మంటుంది. కదురు వణుకుతుంది. ఎడమచేయి వెనక్కి, ఇంకా వెనక్కి, భుజం దాకా, భుజం దాటి సాగిపోతుంది. అప్పుడొస్తావు తల్లీ! లేనిచోటు నుంచి వస్తావు. ఇప్పటిదాకా మబ్బు, ఇప్పుడు మెరుపు తీగ. ఇప్పటిదాకా నురగ, ఇప్పుడు ధార. ఎక్కడ దూది ఆగిందో, ఎక్కడ నూలు మొదలైందో పట్టుకుందామని రెప్పవేయకుండా కూర్చున్నవాళ్లకు కూడా దొరకవు. చక్రం రవ్వంత వెనక్కి తిరుగుతుంది, చేయి పైకి లేస్తుంది, సాగిన బారెడు పోగూ సరసరా కదురును చుట్టుకుంటుంది. మళ్లీ చేయి కొన దగ్గరికి, మళ్లీ రుంయ్, మళ్లీ నువ్వు. పుటుక్కున తెగావా, ఆమె విసుక్కోదు. తెగిన కొసకు ఏకు కొసను తాకించి చక్రం తిప్పుతుంది. నువ్వే చేయందించి పైకి లాగుకుంటావు.

ఎక్కడిదమ్మా నీకీ బలం? జిగురు లేదు, ముడి లేదు, కుట్టు లేదు. విడిగా చూస్తే వెంట్రుకకన్నా సన్నని పొట్టి పోచలు, ఏ ఒక్కటీ వేలెడు పొడవుండదు. పురి ఎక్కిందా, పోచను పోచ వాటేసుకుంటుంది. లోకంలో గుంజినకొద్దీ విడిపోయేవే ఎక్కువ, నువ్వు గుంజినకొద్దీ బిగుస్తావు. ఆ పురి కూడా అంతా మనిషి పెట్టింది కాదు. పచ్చికాయలో ఉన్నంతకాలం నీ ప్రతి పోచా నీరు నిండిన సన్నని గొట్టం. కాయ పగిలి, ఎండ సోకి, నీరింకిపోయాక ఆ గొట్టం చదునై, పట్టీలా మారి, తనంత తానే మెలికలు తిరుగుతుంది. తిరగాలన్న కోరిక చేలోనే పుట్టింది నీలో. రాట్నం ఆ కోరికకు తాళం వేసింది, అంతే.

పొందూరులో వడికే వంద కౌంటు నూలంటే పౌను బరువుకు 84,000 గజాలు. కిలోమీటర్లలో 76 దాటుతుంది. అరకిలో తూగని దూదిలోంచి అంత దారి! ఆ దారంతా గడప దాటకుండా, పొయ్యిమీద ఎసరు మరుగుతుండగా, ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతుండగా నడిచినదే. గాంధీజీ తన కొడుకు దేవదాసును పొందూరు పంపి ఈ విద్య చూసి రమ్మన్నాడంటారు. చూసి రావచ్చు. తెచ్చుకోవడం ఎలా? అది ఆ వేళ్లలో ఉంది.

సన్నదనమే నీ సొగసనుకుంటే మాత్రం పొరపాటు. తెలంగాణ పల్లెల్లో నీకు మరో అవతారం ఉంది. నల్లని దక్కనీ గొర్రె ఒంటిమీది బొచ్చువై కత్తెర కింద రాలి, వింటి దెబ్బకు విచ్చుకుని, కురుమ ఇల్లాలి చేతిలో బొద్దుగా, మొరటుగా, బిరుసుగా పురెక్కి వస్తావు. చింతగింజల గంజి తాగి గట్టిపడతావు. గొంగడివై గొర్లకాపరి నెత్తిన ఎక్కి వానను ఆపుతావు, చలిని ఆపుతావు, రాత్రి మంద పక్కన పరుపవుతావు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరేవాళ్లుంటారు, ఉండనీ. గీరుకునే నీ స్పర్శలో గొర్రె ఉంది, గడ్డి ఉంది, గుట్టమీద గాలి ఉంది. కారునలుపులో ఒక్కోచోట గోధుమవన్నె తొంగిచూసే ఆ నేతకు రంగు అద్దకం చాలా దండగ అనిపిస్తుంది నాకు.

మరి నరసాపురం వైపు పోతే? అక్కడ మరనూలుగానే ఇంటికొస్తావు, నిజమే. వచ్చాక ఒకే ఒక్క కొక్కెం సూది నీకు చేసే గారాబం చూడాలి! కన్నంలోంచి కన్నం, కన్నంలోంచి పువ్వు, పువ్వు అంచున పువ్వు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ లేసు, గోదావరి గాలి తగిలి గోదావరిదే అయిపోయింది. మధ్యాహ్నం వంటలయ్యాక అరుగులమీద కబుర్లు సాగుతుంటాయి, కళ్లు కబుర్ల మీదే ఉంటాయి, వేళ్లు మాత్రం నీతో ఉంటాయి. అంత అందంలోనూ ఒక ముల్లు. ఇంటిపట్టున ఉండి చేస్తారు కాబట్టి అది తీరిక అనుకున్నారు, పని అనుకోలేదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో నరసాపురం లేసు పనివాళ్లమీద అచ్చు వేయించిన పుస్తకం ఈ మాటే గట్టిగా చెప్పింది. నిన్ను కొలిచేవాళ్లు ముందు ఆ చేతులకు కూలి సరిగా కొలవాలి, పోగమ్మా. నీ మీద ఎంత మోజున్నా ఈ మాట దాటి ముందుకు పోలేను.

ఇక మా ఇళ్లలో నీ ఊలు రూపం. రెండు సూదులు, ఒక ఉండ, ఒడిలో గోనెడు ఓపిక. నీ సుగుణమంతా అక్కడ బయటపడుతుంది: మొదటి కన్ను నుంచి చివరి కన్ను దాకా నువ్వు ఒక్కదానివే, తెగని ఒక్క పోగువే. ఎంత పెద్ద స్వెట్టరైనా కొస దొరికితే గలగలా ఊడివస్తావు, అలిగి పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్లలా. ఒంటి నిండా పాత కన్నుల వంకీలు ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో ముంచి, నీడన దండెం మీద వేలాడదీస్తే వంకీలు సాగుతాయి, కొత్త కోడలిలా తయారై కూర్చుంటావు. పోయినేటి చిలకపచ్చ స్వెట్టరు అలాగే ఊడి ఉండయింది. రా మరి, సూదులెక్కు! ఈసారి చేతులకు రెండేసి వరసలు ఎక్కువ వెయ్యాలి, మా పిల్లవెధవ తాటిచెట్టులా పెరిగిపోతున్నాడు.