గంగాళం దగ్గరి మనిషి

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగువాళ్లు శ్రీరామనవమి పానకాన్ని, మజ్జిగను కూడా వెంట తెచ్చుకున్నారు. పందిట్లో వందలమందికి అవి చల్లగా అందించడం మామూలు పని కాదు. గంగాళం దగ్గర నిలబడేవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

ఐసు దిమ్మను రంపపు పొట్టులో కప్పి, గోనె చుట్టి నీడన ఉంచుతారు. ముందే పగలగొట్టరు, ముక్కలైతే గాలి తగిలే మేర పెరిగి త్వరగా కరుగుతుంది. ఫ్యాక్టరీ ఐసు తాగడానికి పనికొస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి గంగాళంలో వేయరు. పెద్ద తొట్టిలో గంగాళం దించి, చుట్టూ ఐసు, నీళ్లు పోస్తారు. ఉత్త ముక్కలకన్నా నీళ్లే గిన్నెను అంతటా తాకి వేడి లాగుతాయి. కిలో ఐసు కరిగితే నాలుగు లీటర్ల మజ్జిగ దాదాపు 20 డిగ్రీలు చల్లబడుతుంది, బయటి వేడి చొరబడకపోతే. అందుకే మూత ఊరికే తీయనివ్వరు. మధ్యమధ్య గరిటెతో అడుగు దాకా కలుపుతారు.

తడిగుడ్డ చుడితే చాలదా? పొడిగాలి వీచే ఊళ్లలో చాలు. బెంగాల్ ఉక్కపోతలో తడి అంత త్వరగా ఆరదు.

పానకంలో బెల్లం ఒక పిడికెడు ఎక్కువే వేస్తారు. చల్లబడితే తీపి నాలుకకు తగ్గినట్టుంటుందని వాళ్లకు తెలుసు.