వారసత్వమూ, నేర్పూ: ‘రోగ్ లెగసీ’ ఆట

మన వైకుంఠపాళిలో పాము మింగినవాడికి మిగిలేదేమీ లేదు. పైకెక్కించేదీ, కిందికి దించేదీ పాచికే. 2013లో కెనడాలోని సెల్లార్ డోర్ గేమ్స్ సంస్థ వెలువరించిన ‘రోగ్ లెగసీ’ అనే కంప్యూటర్ ఆట యిందుకు భిన్నమైనది. కోటలో వీరుడు చస్తే, ముగ్గురు వారసులలో ఒకరిని, కొడుకైనా కూతురైనా, ఎన్నుకుని మళ్లీ బయలుదేరాలి. కోట అమరిక మారిపోతుంది గనుక పాత దారి పనికిరాదు. చచ్చినవాడు కూడబెట్టిన బంగారంతో వారసులు భవనాన్ని పెంచుకుంటే, ఆ బలం వంశానికి శాశ్వతంగా నిలుస్తుంది. ఖర్చు కానిది కోటవాకిట కావలివాడు లాక్కుంటాడు.

ఐతే విజయం ఎవరిది? శత్రువు కదలిక పసిగట్టి దూకడం నేర్చిన చేతిదా, తాతల సంపాదనదా? కొన్నకొద్దీ ధరలు పెరగడం కొంత అడ్డే. అయినా ఓపికగా చస్తూపోతే, నేర్పు చాలనివాడూ బలవంతుడౌతాడు. ఇది ఆటలోని లోపం.

కాని మన డెల్టాను చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. రాళ్లు మోసిన కూలీల శ్రమ తరతరాలకు నీరైంది. ఆ నీరు పారిన పొలం మాత్రం ఆ కూలీల బిడ్డలందరికీ దక్కలేదు. ఆటలో చచ్చినవాడి కష్టఫలం వాడి బిడ్డకు తప్పక అందుతుంది. చరిత్రలో కరువైన ఆ న్యాయాన్ని గుర్తుచేసినందుకైనా, లోపాలతోసహా ఈ ఆటను మెచ్చుకోక తప్పదు.