వాడిన ఆకు వాసన

“గోటితో గిల్లొద్దు దీదీ, విరవాలి” అంది డార్జిలింగ్ టీ తోటలో ఆకు కోసే ఆమె హిందీలో, నా వేళ్లు పట్టుకుని.

చిన్నప్పట్నించీ గోంగూర గిల్లిన చెయ్యి నాది. గోరు దానంతటదే ముందుకొస్తుంది. గోరు దిగితే కాడ నలుగుతుంది, నలిగిన చోట ఎర్రబడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేత కాడను పట్టి కొద్దిగా వంచితే చాలు, తనే విరిగి చేతిలోకొస్తుంది. రెండు ఆకులు, వాటి మధ్య సూదిలాంటి మొగ్గ. నేపాలీలో ‘దుయీ పాత్, ఏక్ సుయిరో’ అంటారు. కోసిన ఆకును గుప్పిట్లో ఎక్కువసేపు ఉంచుకోకూడదు, ఒంటి వేడికి కమిలిపోతుంది. వెంటనే భుజం మీదుగా వెనకనున్న బుట్టలో వేసెయ్యాలి. ఆ బుట్ట డోకో. దాని బరువంతా నుదుటి మీద మోసే పట్టీ నామ్లో. నిలబడడానికే కాలు జారే ఏటవాలులో, నుదుటికి పట్టీ బిగించుకుని, రెండు చేతులతో ఆమె కోస్తూ ఉంటే వేళ్ల కదలిక నా కంటికి అందలేదు. ఇలాంటి చివుళ్లు ఇరవై వేలకు పైగా కోస్తేగాని కిలో టీ తయారు కాదంటారు. ఆ మాట నేను ఎప్పుడో చదివాను. అర్థమైంది మాత్రం ఆ వాలు మీద నిలబడ్డప్పుడే.

డార్జిలింగ్ చుట్టుపక్కల చూడాల్సిన చోట్లను అక్కడి టాక్సీవాళ్లు పాయింట్లుగా లెక్కగడతారు. త్రీ పాయింట్స్ అంటే తెల్లవారుజామున టైగర్ హిల్, తిరిగొస్తూ ఘూమ్ బౌద్ధ మఠం, బతాసియా లూప్. సెవెన్ పాయింట్స్ అంటే ఊళ్లోవి. మొదటిరోజు నేనూ నాలుగింటికే లేచి, ఉన్న స్వెట్టర్లన్నీ వేసుకుని, దాదాపు ఎనిమిదిన్నర వేల అడుగుల ఎత్తునున్న టైగర్ హిల్ ఎక్కాను. మార్చి ఆఖరు. కాంచన్‌జంగ ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు గోడ. “కొండ కావాలంటే అక్టోబరు, నవంబరులో రండి. ఆకు కావాలంటే ఇప్పుడే” అన్నాడు డ్రైవరు. ఆ మాటే నా ప్రయాణాన్ని మలుపు తిప్పింది.

అలాగని మిగతావి చూడకుండా రావద్దు. 7,407 అడుగుల ఎత్తున ఘూమ్ స్టేషన్లో, రెండడుగుల వెడల్పు పట్టాల మీద ఆవిరి ఇంజను నిలబడి ఊపిరి తీసుకుంటుంటే దాని పక్కన కాసేపు నిలబడండి. 1881 నుంచీ ఆ దారి కొండ ఎక్కుతూనే ఉంది. 1999లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. బతాసియా దగ్గర రైలు తన దారిని తానే చుట్టుకుని కిందికి దిగుతుంది. ఆ చుట్టు మధ్యలో గూర్ఖా సైనికుల స్మారక స్తంభం ఉంది. ఊళ్లో జూకి తప్పకుండా వెళ్లండి. దాని పేరు పద్మజా నాయుడు జూ. సరోజినీ నాయుడి కూతురు, హైదరాబాదులో పుట్టిన పద్మజ 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్ గవర్నరు. అంత దూరాన మంచు చిరుతలనూ ఎర్ర పాండాలనూ సాకే చోట మన హైదరాబాదు ఆడపడుచు పేరు చదువుకుంటే గొంతులో ఏదో కదిలింది. ఆ ఆవరణలోనే, మనిషి తొలిసారి ఎవరెస్టు ఎక్కిన మరుసటి ఏడు 1954లో మొదలైన పర్వతారోహణ సంస్థ, అందులో టెన్సింగ్ నార్గే సమాధి ఉన్నాయి.

ఇవన్నీ ఒక రోజున్నరలో అయిపోయాయి. మిగతా నాలుగు రోజులూ నేను కర్సియాంగ్ దిగువన ఒక తోటలో, ఆకు కోసే కుటుంబం అద్దెకిచ్చే గదిలో ఉండిపోయాను. పొద్దున కోసిన ఆకు ఎక్కడికి పోతుందో దాని వెంటే పోవాలనుకున్నాను. ఏ ఊరెళ్లినా నా అలవాటు అది. ఒక్క వస్తువును పట్టుకుని మొదటినుంచి చివరిదాకా దానితో నడవడం.

సాయంత్రానికి ఆకు ఫ్యాక్టరీ చేరింది. పొడవాటి తొట్లు, వాటి మీద పరిచిన వలలు, వలల మీద ఆకు. కింద నుంచి గాలి. అలా పధ్నాలుగు, పదహారు గంటలు వాడబెడతారు. లోపలికి అడుగు పెట్టగానే వచ్చిన వాసనకు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కోసిన పచ్చగడ్డి, దాని అడుగున పండు, ఆ అడుగున మరేదో తడి తీపి. ఆ మూడోది నాకు తెలుసు.

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్న వర్జీనియా పొగాకు పండించేవాడు. కర్రలకు అల్లిన ఆకును బ్యారన్‌లోకి ఎక్కించాక వారం రోజులు నాన్న ఇంటికి వచ్చేవాడు కాదు. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆరాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. రాత్రి అన్నం క్యారియర్ తీసుకుని నేను వెళితే, తలుపు సందులో ముక్కు పెట్టి “ఇంకా తిరగలేదమ్మాయ్” అనేవాడు. థర్మామీటరు ఉండేది. కానీ నాన్న ముందు ముక్కునే అడిగేవాడు. పొగాకు మనుషులకు మంచి చేస్తుందని నేను చెప్పను. ఆ పంట మీదే చదువుకున్నానన్నది మాత్రం దాచను.

డార్జిలింగ్ కొండ కింద ఆ తొట్ల పక్కన రాత్రంతా తిరిగే మనిషీ అంతే. గంటకోసారి గుప్పెడు ఆకు తీసి పిడికిట్లో నొక్కి వదులుతాడు. చెయ్యి తెరిచాక ఉండ వెంటనే విడిపోతే ఇంకా వాడలేదన్నమాట. కాడను వంచి చూస్తాడు. మా బ్యారన్‌లో ఈనె టక్కున విరిగితే పని అయినట్టు. ఇక్కడ కాడ విరగకూడదు, వంగాలి. విరిగేంత ఎండితే మరుసటి పొద్దున నలిపే బల్ల మీద ఆకు మెలిక తిరగదు, పొడైపోతుంది. ఎక్కడ ఆపాలన్నదే రెండు చోట్లా పనితనం. తొందరపడితే పచ్చి మిగులుతుంది, ఆలస్యమైతే వాసన పోతుంది. ఆ గడువు వాన పడిన రోజు ఒకటి, ఎండ కాసిన రోజు ఒకటి.

తెల్లవారి ఆకును నలిపి, కాసేపు పల్చగా పరిచి, వేడిగాలిలో ఆరబెట్టారు. వసంతకాలపు మొదటి కోత కాబట్టి ఎక్కువ ఎర్రబడనివ్వలేదు. మేలో వచ్చే రెండో కోతది వేరే రుచి, మస్కటెల్ ద్రాక్ష వాసన. అదెలా వస్తుందో ఫ్యాక్టరీలో ఒకాయన చెబితే నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. పచ్చదోమ, తామర పురుగు ఆకు రసం పీలుస్తాయి. ఆ గాయానికి చెట్టు తన రక్షణ కోసం కొన్ని రసాయనాలు పుట్టిస్తుంది. వాటి నుంచే ఆ పరిమళం. మా వైపు పత్తిరైతు పచ్చదోమ పేరు వింటే భయపడతాడు. తామర పురుగు మిరప తోటల్ని ఏం చేసిందో గుంటూరులో ఎవరినైనా అడగండి. అలాంటి పురుగులే ఆ కొండ మీద టీకి ధర తెస్తాయి.

మనం ఇంట్లో వాడేది టీ పొడి. యంత్రంలో చిదిమి, ఉండలు చుట్టిన సీటీసీ. పాలు, పంచదార, అల్లం, ఇన్నింటి మధ్య నిలబడగల బలం దానికుంది. ఆ చాయ్ అంటే నాకు ప్రాణం. కానీ ఈ ఆకు పాలను తట్టుకోలేదు. నేనిప్పుడు చేసే పద్ధతి చెబుతాను. నీళ్లు మరిగించి దించి, ఒక నిమిషం ఆగాలి. కప్పుకు ఒక చెంచా ఆకు. పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలు. అయిదు నిమిషాలైతే వగరెక్కుతుంది. వడగట్టాక గడ్డి రంగులో పల్చగా ఉంటుంది, మొదటిసారి తాగేవాళ్లు వట్టి వేడినీళ్లేమో అనుకుంటారు. పంచదార వద్దు. మొదటి గుక్క మింగి, ముక్కుతో ఊపిరి వదలండి. రుచి అప్పుడు తెలుస్తుంది.

నాకు ఆశ్రయమిచ్చిన ఇంట్లో మాత్రం తాగేది పాలు పోసిన సీటీసీనే. ఈ కొండల్లోని ఒక తోట టీ 2014లో కిలో 1,850 డాలర్లకు అమ్ముడైంది. పశ్చిమ బెంగాల్ తోటల్లో ఆకు కోసేవాళ్ల రోజు కూలి 2023లో 232 నుంచి 250 రూపాయలైంది. డార్జిలింగ్ అన్న పేరు అక్కడి 87 తోటల ఆకుకే చెల్లాలని మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. పేరుకు అంత కాపలా ఉంది. ముత్తాత కాలం నుంచీ ఉంటున్న ఇల్లు, దాని కింది నేల మాత్రం చాలామంది కూలీల పేరు మీద ఉండవు, తోట లీజులో భాగం. “నేను పని మానేస్తే ఇంట్లోంచి ఎవరో ఒకరు కొయ్యాలి, లేకపోతే ఇల్లు ఉండదు” అంది ఆ ఇంటామె, పొయ్యి ముందు కూర్చుని. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. డార్జిలింగ్ వెళ్లే మనవాళ్లు టైగర్ హిల్ నుంచి దిగి నేరుగా స్టేషనుకు పోకుండా, ఒక పూట ఏదైనా తోటలో ఆకు కోసేవాళ్లతో గడిపితే బాగుండునని నా కోరిక.

వచ్చేటప్పుడు వంద గ్రాముల మొదటి కోత కొన్నాను. నాన్నకిప్పుడు ఎనభై రెండు. బ్యారన్ పడిపోయి చాలా ఏళ్లయింది. కప్పు చేతికిస్తే తాగకుండా, వడపోతలో మిగిలిన తడి ఆకును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ఒక మెలికను అరచేతిలో పెట్టి, వేలితో నెమ్మదిగా విప్పాడు. రెండు ఆకులు, ఒక మొగ్గ. ఎక్కడా గోటి గాటు లేదు.

“కోసిన మనిషికి ఎంతిస్తారమ్మాయ్?”

చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కప్పు ఖాళీ చేశాక, ఆ చివురును సాసరు అంచున పరిచి, కిటికీ దగ్గర ఎండలో పెట్టమన్నాడు.