నలభై ఏళ్ల బిడ్డకు పరీక్ష ఏది?

ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల్ని గుర్తించడం మన వైద్యానికి ఇప్పుడు బాగానే తెలుసు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ సంస్థ అధ్యయనం హైదరాబాద్‌తో సహా అయిదు చోట్ల దాదాపు నాలుగు వేలమంది పిల్లల్ని పరీక్షించింది. చూపు, వినికిడి, మూర్ఛ, ఆటిజం వంటివన్నీ కలిపి చూస్తే, రెండు నుంచి ఆరేళ్లలోపు పిల్లల్లో 9.2 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లలో 13.6 శాతం మందికి ఏదో ఒక లోపం కనిపించింది. లెక్క మాత్రం తొమ్మిదేళ్ల దగ్గరే ఆగింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ల దాకా చూస్తుంది. తెనాలిలోనో రేపల్లెలోనో ఎదుగుదలలో తేడాతోనే ఇరవై దాటిన మనిషి ఇక పింఛను కోసం వైకల్య శాతం వేయించుకోవడానికి తప్ప డాక్టరు ముందు కూర్చునే సందర్భమే అరుదు. పరిశోధన అతని వయసుతో పాటు పెరగాలని నేను గట్టిగా అంటాను.

డౌన్ సిండ్రోమ్‌నే తీసుకోండి. 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులుగా ఉండటం దీనికి మూలం. అల్జీమర్స్‌తో ముడిపడిన ఒక ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఉన్నది కూడా దాని మీదే. అందుకే నలభై దాటేసరికి మతిమరుపు జబ్బు ముప్పు మిగతా వాళ్లకంటే చాలా ముందే వస్తుంది. థైరాయిడ్ తగ్గడమూ వీళ్లలో ఎక్కువే. నిన్నటిదాకా చొక్కా గుండీలు తనే పెట్టుకున్న మనిషి ఇవాళ మూడో గుండీ దగ్గర ఆగిపోయి, స్నానానికి లేవకుండా కూర్చుంటే, ఇంట్లో వాళ్లు "వాడంతేలే" అనుకుంటారు. డాక్టరూ అలాగే అనుకునే ప్రమాదం ఉంది. కారణం థైరాయిడ్ అయితే ఒక రక్తపరీక్ష, రోజుకో మాత్ర చాలు. అమెరికాలో 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇరవై ఒకటో ఏటి నుంచి ఏడాదికో రెండేళ్లకో థైరాయిడ్ పరీక్ష, నలభై నుంచి ఏటా మతిమరుపు పరీక్ష చేయమన్నాయి.

ఉన్న కాస్త డబ్బు పిల్లల మీదే పెట్టాలి, మెదడు మలచుకునే వయసు అదే కదా అనేవాళ్లున్నారు. ఆ మాట నిజమే, పిల్లలకు పైసా తగ్గించమని ఎవరూ అడగరు. అయితే ఆ పిల్లలే రేపటి పెద్దలు. పైగా పెద్దలకు కావలసింది ఖరీదైన యంత్రం కాదు. ముప్పై అయిదేళ్లలోపే ఆ మనిషి ఏమేం చేయగలడో ఒక కాగితం మీద రాసి ఉంచాలి: గుండీలు, చిల్లర లెక్క, కొట్టు నుంచి ఇంటికి దారి. తర్వాత మార్పు వస్తే పోల్చి చూడటానికి అదే ఆధారం. రేపల్లె ఉన్న బాపట్ల 2022లో కొత్త జిల్లా అయింది, కొత్త రిజిస్టర్లు తెరిచింది. ఈ కాగితానికీ వాటిలో చోటివ్వవచ్చు. ప్రస్తుతానికి ఆ వివరాలన్నీ ఉన్నది డెబ్బై ఏళ్ల తల్లి జ్ఞాపకంలో.