బల్ల మీద కాదు, ముఖం మీద కొలవాలి

ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజన్‌లో, హైదరాబాద్-విజయవాడ రహదారి పక్కన 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. స్టూడియో ఫ్లోర్‌లో గోడ, కిటికీ, వీధి అన్నీ కట్టుకున్నవే. వెలుతురునూ కట్టుకోవాల్సిందే. అందుకు కెమెరా విభాగం నమ్ముకున్న పనిముట్టు లైట్ మీటరు.

సగానికి కోసిన పింగ్‌పాంగ్ బంతిలాంటి తెల్లటి బుడిపె దాని తలమీద ఉంటుంది. మనిషి ముఖం చదును కాదు. ముక్కు, బుగ్గ, నుదురు తలో దిక్కూ చూస్తాయి. బుడిపె కూడా ఎదుటి నుంచీ పక్కల నుంచీ వచ్చే వెలుగును కలిపి పట్టుకుంటుంది. నటుడి ముఖం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే ఎక్స్‌పోజర్ తేలుతుంది. ఒక్కో లైటు బలం విడిగా తెలియాలంటే చదును బిళ్లతో, ఆ లైటు వైపే తిప్పి చూస్తారు. ముఖ్యమైన కీ లైటు 800 లక్స్, నీడలను నింపే ఫిల్ లైటు 200 లక్స్ వస్తే నిష్పత్తి 4:1, అంటే రెండు స్టాపుల తేడా (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు). హాస్య సన్నివేశంలో ఈ తేడా తగ్గిస్తారు, విలన్ గదిలో పెంచుతారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ రంగుల సాయం లేకుండానే వెన్నెలను నమ్మించారంటే, ఈ వెలుగు నీడల లెక్క మీద పట్టు ఉండబట్టే.

నటుడు నడిచే షాట్‌కు ఒకచోటి కొలత చాలదు. చిన్న దీపానికి 2 మీటర్ల దూరంలో ఉన్న వెలుగు, 4 మీటర్లకు వెళ్లేసరికి నాలుగో వంతే మిగులుతుంది. అందుకే నటుడు ఆగే ప్రతి మార్కు దగ్గరా మీటరు పెట్టి చూస్తారు. ఎక్కువైన చోట వెలుగును ఆపే కట్టర్ అడ్డం పెడతారు, కరుకుగా ఉన్నచోట వెలుగును మెత్తబరిచే స్కిమ్మర్ గుడ్డ కడతారు, చాలని వైపు థర్మోకోల్ పెట్టి బౌన్స్ ఇస్తారు.

సెట్‌లో చేతి అలవాటుతో నడిచే ఈ పనికి శాస్త్రమూ ఉంది. గదిలో ఏ బిందువు దగ్గరైనా అన్ని దిక్కుల నుంచీ వెలుగు వచ్చి చేరుతుందని, దాన్నొక క్షేత్రంగా లెక్కించవచ్చని రష్యన్ శాస్త్రవేత్త ఆండ్రీ గెర్షూన్ 1936లో వివరించాడు. తర్వాత లైటింగ్ పరిశోధకుడు క్రిస్టోఫర్ కటిల్ దాన్ని సులువు చేశాడు: ఒక ఘనం ఆరు ముఖాల మీద కొలిస్తే వెలుగు ఎంతో, ఎటు నుంచి ఎక్కువో తెలిసిపోతుంది.

మన భవనాల్లో మాత్రం లెక్క తరచూ బల్ల దగ్గరే ఆగిపోతుంది. ఆఫీసు బల్లపై 300 నుంచి 500 లక్స్ ఉంటే పని అయిపోయిందనుకుంటాం. నెత్తిమీది లైట్లతో బల్ల మెరుస్తుంది గానీ, ఎదుటి మనిషి కళ్ల కింద నీడలు పడతాయి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని పరీక్షించడం తేలిక. కూర్చున్నవారి ముఖం ఎత్తున, అంటే నేల నుంచి సుమారు 1.2 మీటర్ల దగ్గర, ఫోన్‌లోని లక్స్ యాప్‌తో ఆరు దిక్కులా కొలవాలి. అంకెలు ఉజ్జాయింపే అయినా, ఏ వైపు ఎంత తక్కువో తెలుస్తుంది. అప్పుడు కొత్త లైటు కొనాలో, పక్క గోడకు తెల్ల సున్నం వేస్తే సరిపోతుందో తేల్చుకోవచ్చు.